అరిజోనా యాష్: ఎడారి ఇంటి పెరట్లో వాగు ఒడ్డు చెట్టును పెంచే పద్ధతి

అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ చుట్టుపక్కల ఇల్లు కొన్న తెలుగువాళ్లకు మొదటి ఎండాకాలమే ఒక పాఠం చెబుతుంది. సాయంత్రం ఏడింటికి కూడా పడమటి గోడ చేయి ఆననివ్వదు. ఆ గోడ వెనకే పడకగది ఉంటుంది, ఏసీ ఆగకుండా తిరుగుతుంది. ఇక నర్సరీకి వెళ్లి “త్వరగా పెరిగే నీడ చెట్టు” కావాలని అడుగుతాం. చూపించేవాటిలో అరిజోనా యాష్ ఉండి తీరుతుంది. పేరులోనే అరిజోనా, చీటీ మీద ‘నేటివ్’ అన్న ముద్ర. ఇంకేం, నీళ్లు పెద్దగా అక్కర్లేదనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను, మూడో ఎండాకాలానికి మొదటి చెట్టును చంపుకున్నాను. రెండోది ఇప్పుడు పడమటి కిటికీలన్నీ కప్పేసింది. ఆ రెంటికీ మధ్య నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. ఫోన్‌లో అనువాదం నొక్కితే ‘బూడిద చెట్టు’ అని వస్తుంది. దీనికీ బూడిదకూ సంబంధం లేదు. పాత ఇంగ్లీషులో ఈ చెట్టు పేరే ఈటెకు కూడా పేరు, ఎందుకంటే ఈటె కర్రలు దీని జాతి కలపతోనే చేసేవారు. బూడిదను చెప్పే మాట వేరే మూలం నుంచి వచ్చి, కాలక్రమంలో పలుకుబడి కలిసిపోయింది. శాస్త్రనామం ఫ్రాక్సినస్ వెలుటినా, 1848లో జాన్ టోరీ పెట్టినది. వెలుటినా అంటే మఖమల్ లాంటిదని. లేత ఆకు అడుగున, లేత కొమ్మల మీద సన్నటి నూగు ఉంటుంది, వేలితో రాస్తే తెలుస్తుంది. కుటుంబం మనకు కొత్తదేం కాదు. మల్లె, జాజి, పారిజాతం, ఆలివ్ అన్నీ ఈ ఇంటివే.

ఈ చెట్టు ఎక్కడిదో ముందు తెలుసుకోండి

అరిజోనా, న్యూ మెక్సికో, దక్షిణ నెవాడా, నైరుతి యూటా, దక్షిణ కాలిఫోర్నియా, పడమటి టెక్సాస్, ఉత్తర మెక్సికో దీని పుట్టిళ్లు. అన్నీ ఎండు ప్రాంతాలే. కానీ ఆ ఎండు ప్రాంతంలో ఇది ఎక్కడ నిలబడి ఉంటుందో చూడాలి. టూసాన్ పక్కన సబీనో కాన్యన్‌కు వెళ్లండి. గుట్టల మీదంతా సగ్వారో కాక్టస్‌లు, ముళ్ల పొదలు. యాష్ చెట్లు మాత్రం కింద వాగు వెంట, కాటన్‌వుడ్, విల్లో, సైకమోర్ చెట్ల సరసన ఉంటాయి. యూటాలోని జయాన్ జాతీయ పార్కులో వర్జిన్ నది ఒడ్డునా ఇదే కథ. నెవాడాలో యాష్ మెడోస్ అని ఒక వన్యప్రాణి ఆశ్రయం ఉంది. ఎడారి మధ్యలో ఊట నీళ్లు పొంగే చోటు అది, ఆ ఊటల దగ్గరి యాష్ చెట్ల వల్లే దానికి ఆ పేరు.

మన దగ్గర ఏరుమద్ది ఇలాంటిదే. రాయలసీమ కొండల్లో ఎంత కరువున్నా ఏరుమద్ది పచ్చగా కనిపిస్తే అక్కడ వంక ఉందని అర్థం. ఏరుమద్దిని ఎర్ర గుట్ట మీద నాటి “ఇది సీమ చెట్టే కదా, బతుకుతుందిలే” అనుకుంటే ఏమవుతుంది? ఫీనిక్స్‌లో యాష్‌కు మనం చేసే అన్యాయం అదే. ఏడాదికి అక్కడ కురిసేది 180 మిల్లీమీటర్ల దగ్గర. కరువు జిల్లాగా పేరుపడ్డ మా అనంతపురంలోనే 550 దాకా కురుస్తుంది. కాబట్టి వాగు పని మనమే చేయాలి. ఎలా చేయాలన్నదే ఈ చెట్టు పెంపకంలో ముప్పాతిక భాగం. మిగతావి తొందరగా చెబుతాను, నీళ్ల దగ్గర నిదానంగా ఆగుదాం.

మొదటి మెట్టు: నాటాలా వద్దా తేల్చుకోవడం

ఈ చెట్టు 30 నుంచి 50 అడుగుల ఎత్తు పోతుంది, గొడుగు కూడా దాదాపు అంతే విచ్చుకుంటుంది. ఇంటి పునాదికి, ఈతకొలనుకు, మురుగు గొట్టానికి 15 నుంచి 20 అడుగుల దూరం దొరక్కపోతే ఆశ వదులుకోండి. కొత్త లేఅవుట్లలో వెనక పెరడు చాలాచోట్ల అంత ఉండదు. అలాంటి చోట మెస్కీట్ గానీ పాలో వెర్డే గానీ మేలు. మెస్కీట్ మన జమ్మికి దగ్గరి చుట్టం, నీటి పొదుపులోనూ అదే బుద్ధి. నీళ్ల బిల్లు చూస్తే గుండె దడదడలాడే మనిషైతే నేను మెస్కీట్‌కే ఓటేస్తాను.

మరి యాష్ ఎందుకు? ఒక్క కారణం చాలు. ఎండాకాలంలో చిక్కటి నీడ ఇస్తుంది, డిసెంబరు నాటికి పసుపు పండి ఆకు రాల్చేస్తుంది. జనవరి చలిలో అదే కిటికీలోంచి ఎండ లోపలికి వస్తుంది. మెస్కీట్ నీడ జల్లెడలా ఉంటుంది, యాష్ నీడ పందిరిలా ఉంటుంది.

ఇంట్లో ఆస్తమా, పుప్పొడి పడనివాళ్లు ఉంటే ఆలోచించండి. ఆకు రాకముందే, ఫిబ్రవరి మార్చి నెలల్లో ఈ చెట్టు పూస్తుంది. పుప్పొడి గాలికే ఎగురుతుంది. మగ చెట్టు, ఆడ చెట్టు వేర్వేరు. ఆడ చెట్టుకు పుప్పొడి ఉండదు గానీ ఒంటి రెక్క గింజలు గుత్తులు గుత్తులుగా కాసి, డ్రిప్ ఉన్న ప్రతిచోటా మొలుస్తాయి. మగ చెట్టుకు చెత్త లేదు, పుప్పొడి ఉంది. నర్సరీల్లో పేరు పెట్టి అమ్మే రకాలు ఎక్కువగా మగవే.

హెచ్‌ఓఏ (ఇంటి యజమానుల సంఘం) ఉన్న కాలనీలో ముందు పెరడు చెట్ల జాబితా చూసుకోకుండా గొయ్యి తవ్వకండి. నాటాక పీకించే ఉత్తరం రావడం కంటే చికాకు ఇంకోటి లేదు.

టెక్సాస్‌లో డల్లాస్, ఫోర్ట్‌వర్త్ వైపున్నవాళ్లకు నా సలహా వేరు: కొత్తగా నాటొద్దు. కారణం పురుగుల దగ్గర చెబుతాను.

రెండో మెట్టు: మొక్కను ఎంచుకోవడం

‘యాష్’ అని చీటీ ఉన్నదల్లా ఇది కాదు. షామెల్ యాష్ మెక్సికో జాతి. వెచ్చటి చోట్ల ఏడాది పొడవునా పచ్చగానే ఉంటుంది, ఇంకా చాలా పెద్దదవుతుంది. రేవుడ్ యాష్ వేరే ఖండపు జాతి, ఆకులు సన్నం, శరత్కాలంలో ముదురు ఎరుపుకు తిరుగుతాయి. మనకు కావాల్సిన జాతిలో ఫ్యాన్‌టెక్స్ అనే రకం ఉంది, రియో గ్రాండే అన్నా అదే. అంటు కట్టిన మగ రకం, ఆకు పెద్దది, మందం, ఎండగాలికి అంచులు తక్కువ మాడతాయి. నా రెండో చెట్టు అదే. మొడెస్టో యాష్ అని కాలిఫోర్నియా నుంచి వచ్చిన రకం ఒకప్పుడు వీధి వీధినా నాటారు. తడి వసంతాల్లో ఆకుమచ్చ తెగులు, తర్వాత బదనిక దాన్ని వదలవు. నేనైతే కొనను.

పెద్ద చెట్టు కొంటే తొందరగా నీడ వస్తుందని 24 అంగుళాల పెట్టె చెట్టుకు డబ్బు పోస్తాం. 15 గ్యాలన్ల తొట్టిలో ఉన్న చిన్న మొక్క నాటిన నాలుగైదేళ్లలో దాన్ని అందుకుంటుంది, నాటిన దెబ్బ నుంచి తేరుకోవడమూ సులభం.

కొనేముందు మూడు పనులు చేయండి, అమ్మేవాళ్లు మొహం చిట్లించినా సరే. తొట్టి పైన మట్టి రెండంగుళాలు వేళ్లతో తీసి చూడండి. వేళ్లు కాండం చుట్టూ తాడులా చుట్టుకుని ఉంటే వద్దు, కొన్నేళ్లకు ఆ తాడే ఉరితాడవుతుంది. తర్వాత మొక్కకు కట్టిన కర్ర విప్పమనండి. విప్పగానే వంగి నేలను ముద్దాడే మొక్కను కొనకండి. ఇక తల చూడండి. యాష్‌కు మొగ్గలు ఎదురెదురుగా జంటగా వస్తాయి. కొసమొగ్గ ఎప్పుడైనా విరిగితే పక్క జంట రెండూ సమానంగా లేచి చెట్టుకు రెండు తలలవుతాయి. తొట్టిలోనే అలా చీలినది వదిలేయండి.

మూడో మెట్టు: చోటు, కాలం, గొయ్యి

నీడ ఎక్కడ పడాలో కంటితో అంచనా వేయకండి. జులైలో సాయంత్రం నాలుగింటికి చీపురు కర్ర ఒకటి నేలలో గుచ్చి నీడ ఎటు పడుతుందో చూసుకోండి. నేను చలికాలంలో చూసి నాటిన మొదటి చెట్టు, బతికి ఉంటే, పక్కింటివాళ్ల గరాజుకు చల్లగా నీడ పట్టేది.

నాటడానికి అక్టోబరు, నవంబరు నెలలంత మంచివి లేవు. వేళ్లకు ఆరు నెలలు సాగే వ్యవధి దొరుకుతుంది. లేదంటే ఫిబ్రవరి, మార్చి. మే నుంచి ఆగస్టు దాకా నర్సరీలో ఎంత తగ్గింపు ఇచ్చినా నాటకండి.

తవ్వే ముందు 811కు ఫోన్ చేయాలి. గ్యాస్, కరెంటు, కేబుల్ లైన్లు ఎక్కడున్నాయో వచ్చి రంగులతో గీతలు గీసి వెళ్తారు, డబ్బు తీసుకోరు. అరిజోనాలో తవ్వకానికి కనీసం రెండు పూర్తి పనిదినాల ముందు చెప్పాలని చట్టం.

గొయ్యి వెడల్పు వేళ్ల ముద్దకు మూడు నుంచి ఐదింతలు ఉండాలి. లోతు మాత్రం ముద్ద ఎత్తుకు మించకూడదు. మనకు చిన్నప్పటి నుంచి అలవాటు లోతు గొయ్యి, అడుగున పశువుల ఎరువు. ఇక్కడ ఆ రెండూ పనికిరావు. లోతు తవ్వి మళ్లీ పూడిస్తే నీళ్లు పెట్టేకొద్దీ మట్టి కుంగి చెట్టు కిందికి దిగుతుంది, కాండం మొదలు మట్టిలో కూరుకుని కుళ్లుతుంది. గోతిలో మంచి ఎరువు మట్టి నింపితే వేళ్లు ఆ మెత్తటి పరుపు దాటి బయటి గట్టి నేలలోకి పోవడానికి బద్ధకిస్తాయి. తవ్విన మట్టితోనే పూడ్చండి.

ఇక ఫీనిక్స్ నేలలో అసలు శత్రువు కలీచీ. అడుగు కిందో రెండడుగుల కిందో సున్నం గట్టిపడి సిమెంటు పలకలా తెల్లటి పొర. మన దగ్గర సుద్ద నేలలో బావి తవ్వినవాళ్లకు గడ్డపార ‘ఖణేల్’మని ఎగిరిపడే ఆ శబ్దం గుర్తుంటుంది. గోతి నిండా నీళ్లు పోసి ఇంకిపోనివ్వండి, మళ్లీ నింపి గంటలు లెక్కపెట్టండి. నాలుగు గంటల్లో నాలుగు అంగుళాలైనా ఇంకకపోతే అడుగున పొర ఉన్నట్టే. గడ్డపారతో ఆ పొరకు ఆ వైపు దాకా ఒక బొక్క పొడవాలి. గోతి అడుగంతా పగలగొట్టక్కర్లేదు, జానెడు వెడల్పు పొగగొట్టం లాంటి దారి చాలు, నీళ్లూ ఉప్పూ కిందికి పోవడానికి. పొర మరీ మందంగా ఉండి గడ్డపారకు లొంగకపోతే చోటు మార్చండి. నేను మార్చలేదు. మొదటి చెట్టు చావుకు అది ఒక కారణం.

నాలుగో మెట్టు: నాటడం

తొట్టిలోంచి తీశాక చుట్టుకున్న సన్న వేళ్లను పదునైన కత్తితో నాలుగు పక్కలా నిలువునా గీయండి. కాండం మొదట్లో వెడల్పుగా విచ్చుకుని వేళ్లుగా మారే చోటు ఉంటుంది. అది నేల మట్టానికి ఒక అంగుళం పైనే ఉండాలి. మట్టి పూడుస్తూ మధ్యలో నీళ్లు పోస్తే గాలి బుడగలు పోతాయి. కాలితో తొక్కి గట్టి చేయకండి.

తర్వాత పాదు. గట్టు వేళ్ల ముద్ద అంచుకు కొంచెం అవతల ఉండాలి. మూడు నాలుగు అంగుళాల మందాన చెక్క పొట్టు పరిచి, కాండానికి మాత్రం జానెడు దూరంలో ఆపండి. మొదటి ఏడాది ఎరువు వద్దు.

నర్సరీ కట్టిన కర్ర తీసేసి, గాలి ఎక్కువ తగిలే చోటైతే వేళ్ల ముద్దకు బయట రెండు పక్కలా రెండు కర్రలు పాతి వెడల్పాటి పట్టీతో వదులుగా కట్టండి. చెట్టు గాలికి ఊగాలి. ఊగితేనే కాండం లావెక్కుతుంది. ఏడాది తిరిగేలోపు కర్రలు తీసేయాలి. మాన్‌సూన్ రోజుల్లో దుమ్ము గోడలా లేచి వచ్చే హబూబ్ చూసినవాళ్లు భయపడి బిగించి కడతారు. బిగించిన చెట్టే కట్టు దగ్గర విరుగుతుంది.

ఐదో మెట్టు: వాగు వచ్చినట్టు నీళ్లు పెట్టడం

మొదటి చెట్టుకు నేను రోజూ నీళ్లు పెట్టాను. డ్రిప్ టైమర్ రోజుకు ఇరవై నిమిషాలు, కాండం పక్కనే రెండు డ్రిప్పర్లు. ఎప్పుడు చూసినా మట్టి నల్లగా తడిగా కనిపించేది. అయినా జూన్‌లో ఆకు అంచులు మాడేవి, నేను ఇంకో ఐదు నిమిషాలు పెంచేవాణ్ని. ఆ ఏడాది నాన్న అనంతపురం నుంచి వచ్చారు. నలభై ఏళ్లు వేరుశనగ వేసిన మనిషి. మా గరాజులో మూలనున్న సన్నటి ఇనుప ఊచ తీసుకుని చెట్టు మొదట్లో గుచ్చారు. ఆరంగుళాలు సాఫీగా దిగింది. తర్వాత రాయికి కొట్టుకున్నట్టు ఆగిపోయింది. ఊచ తీసి కొనకంటిన మట్టి నా చేతిలో రాల్చారు, పొడి పొడిగా ఉంది. “పైన తడి చూసి మురిసిపోతాండావు గానీ, కింద దుమ్ము లేస్తాండాది రా. జానెడు పదునుకు చెట్టు యాడ బతుకుతాది?” అన్నారు.

పదును, అంటే మట్టిలోకి దిగిన తడి. చిన్నప్పుడు వాన వెలిసిన తెల్లారి చేలో పలుగు గుచ్చి ‘మూరెడు పదును దిగింది’ అంటే విత్తనం వేయొచ్చని అర్థం. అదే మాట, అదే లెక్క ఎడారి పెరట్లోనూ పనిచేస్తుందని నాకు తట్టలేదు. ఇంటి చెట్టుకు పదును మూడు అడుగులు దిగాలి. తడి ఉన్నంతవరకు ఊచ దిగుతుంది, పొడి మట్టి తగలగానే ఆగుతుంది. నీళ్లు పెట్టిన మర్నాడు గుచ్చి చూడండి. మూడడుగుల ఊచ మొత్తం దిగితే టైమర్ సరిగ్గా ఉన్నట్టు. దిగకపోతే నిమిషాలు కాదు, గంటలు పెంచాలి.

లెక్క చూద్దాం. గొడుగు పది అడుగుల వెడల్పున్న చెట్టు అనుకోండి. దాని కింద నేల 78 చదరపు అడుగులు. ఒకమోస్తరు బంక కలిసిన నేల సగం ఎండాక మళ్లీ మూడడుగులు తడవాలంటే సుమారు రెండుంపావు అంగుళాల నీళ్లు పట్టాలి. అంటే 15 ఘనపుటడుగులు, దగ్గర దగ్గర 110 గ్యాలన్లు. గంటకు రెండు గ్యాలన్లు ఇచ్చే డ్రిప్పర్లు ఎనిమిది పెడితే గంటకు 16 గ్యాలన్లు, అంటే దాదాపు ఏడు గంటలు వదలాలి. నా ఇరవై నిమిషాల్లో రెండు డ్రిప్పర్ల నుంచి వచ్చింది గ్యాలన్నర కూడా కాదు. చెట్టు చెంబుడు నీళ్లతో జులై దాటాలన్నమాట.

ఏడు గంటలనగానే బిల్లు గురించి కంగారు పడకండి, రోజూ కాదు. నిలదొక్కుకున్న యాష్‌కు ఎండాకాలంలో ఏడు నుంచి పది రోజులకొకసారి, వసంతంలో, శరత్తులో ఏడు నుంచి పన్నెండు రోజులకొకసారి, ఆకు లేని చలికాలంలో రెండు నుంచి నాలుగు వారాలకొకసారి చాలు. వాగు చేసేదీ అదే. ఒకసారి నిండుగా వస్తుంది, లోతుకు ఇంకుతుంది, తర్వాత చాలా రోజులు కనిపించదు. వేళ్లు ఆ ఇంకిన తడిని వెతుక్కుంటూ కిందికి పోతాయి. రోజూ పైపైన తడిపితే వేళ్లు పైకే వస్తాయి, కాలిబాట పలకలను లేపుతాయి, 115 డిగ్రీల ఫారన్‌హీట్ ఎండకు నేల పైపొరతో పాటు వేగుతాయి. 2023లో జూన్ 30 నుంచి జులై 30 దాకా ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత 110 డిగ్రీలకు తగ్గలేదు. ఆ నెలలో వీధిలో ఎవరి టైమర్ ఎలాంటిదో చెట్లే చెప్పాయి.

ఇంకో సంగతి ఉప్పు. ఇక్కడి కుళాయి నీళ్లలో లవణాలు ఎక్కువ. కొద్దికొద్దిగా పెట్టిన నీళ్లు ఆవిరై ఉప్పును వేళ్ల దగ్గరే వదిలేస్తాయి. ఆకు కొసలు గోధుమరంగుకు మాడటానికి అదొక కారణం. లోతుగా పెట్టిన నీళ్లు ఉప్పును వేళ్ల కిందికి తోసేస్తాయి. కలీచీలో బొక్క పొడవమన్నది ఇందుకే.

కొత్తగా నాటిన మొక్కకు ఈ వ్యవధి పనికిరాదు, దాని వేళ్లన్నీ ఇంకా తొట్టి ఆకారంలోనే ఉంటాయి. అక్టోబరులో నాటితే మొదటి రెండు వారాలు మూడు నాలుగు రోజులకొకసారి, తర్వాత రెండు వారాలు ఆరేడు రోజులకొకసారి, అలా పెంచుతూ రెండో నెల చివరకు పది, పద్నాలుగు రోజులకు తీసుకురండి. మొదట డ్రిప్పర్లు వేళ్ల ముద్ద మీదే ఉండాలి. ఏడాదికొకసారి వాటిని బయటికి జరుపుతూ, సంఖ్య పెంచుతూ పోవాలి. గొడుగు అంచు ఎక్కడుంటే డ్రిప్పర్లూ అక్కడ, ఇంకొంచెం అవతల. నాటినరోజు పెట్టిన చోటే పదేళ్లు డ్రిప్పర్లు వదిలేసిన ఇళ్లు మా వీధిలోనే నాలుగున్నాయి. పాదు గట్టు కూడా రెండో ఏడాది పగలగొట్టేయాలి.

గడ్డి లాన్ మధ్య నాటినవాళ్లు లాన్‌కు పెట్టే స్ప్రింక్లర్ నీళ్లను లెక్కలోకి తీసుకోకండి. లాన్ తడి లాన్‌దే. చెట్టుకు వేరే లైను కావాలి.

ఆరో మెట్టు: ఎండ, ఆకు పసుపు, బూడిద అలవాటు

లేత కాండం బెరడు పలచన, పడమటి ఎండకు కాలి పగులుతుంది. ఆ పగుళ్లలోకే తొలిచే పురుగు చేరుతుంది. మొదటి రెండు మూడేళ్లు కింది కొమ్మలు నరకొద్దు, అవే కాండానికి గొడుగు. నీడ లేకపోతే నీళ్లతో కలిపే తెల్ల లేటెక్స్ పెయింటు సగానికి సగం నీళ్లు కలిపి కాండానికి పూయండి. మన ఊళ్లో రోడ్డు పక్క చెట్లకు సున్నం కొట్టినట్టే.

ఆకు పసుపు మూడు రకాలు. ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపైతే ఇనుము అందడం లేదు. ఇక్కడి నేలల పీహెచ్ ఎనిమిది దగ్గర ఉంటుంది, ఇనుము నేలలో ఉన్నా వేరుకు చిక్కదు. ఈడీడీహెచ్‌ఏ అని రాసి ఉన్న కీలేటెడ్ ఐరన్ మాత్రమే అంత క్షారంలో పనిచేస్తుంది. ముందు నీళ్లు ఎక్కువైపోయాయేమో చూసుకోండి, వేరు ఊపిరాడకపోయినా ఇలాగే పసుపు తిరుగుతుంది. అంచులు మాడితే ఉప్పో దాహమో. నవంబరు చివర చెట్టంతా బంగారంలా పండితే అది జబ్బు కాదు. ఫోన్ తీసి ఫోటో పట్టుకోండి.

పొయ్యి బూడిద, పిడకల బూడిద మొక్కలకు వేయడం మన ఇళ్లలో అలవాటు. ఇక్కడ బార్బెక్యూ బూడిద తీసుకెళ్లి చెట్టు మొదట్లో పోసే అమ్మమ్మలను చూశాను. ఆమ్ల నేలలో అది మందు. క్షార నేలలో ఉన్న రోగానికి ఇంకొంచెం తోడు. యాష్ చెట్టుకు బూడిద వేయొద్దు.

ఏడో మెట్టు: కత్తిరింపు

చెట్టు ఆకు లేకుండా ఉన్న జనవరిలో చేయండి. మొదటి ఐదేళ్లలో ముఖ్యమైన పని ఒక్కటే: రెండు తలలు లేచిన చోట ఒకదాన్ని తగ్గించడం. ఆ రెండూ ఇంగ్లీషు ‘వీ’ అక్షరంలా ఇరుగ్గా పెరిగితే మధ్యలో బెరడు ఇరుక్కుని, ఏదో ఒక మాన్‌సూన్ రాత్రి చెట్టు నిలువునా చీలుతుంది. కొమ్మ కాండాన్ని కలిసే చోట ఉబ్బిన మెడ ఉంటుంది. ఆ మెడను కోయకుండా దాని బయట కోయండి. గాయానికి మందులు, పెయింట్లు పూయక్కర్లేదు. ఒక ఏడాదిలో పావు వంతుకు మించి తీయొద్దు. ఎండాకాలంలో నలుగురు కుర్రాళ్లు ట్రక్కులో వచ్చి “తల కొట్టేస్తాం, చవకగా” అంటే తలుపు వేసుకోండి.

ఎనిమిదో మెట్టు: పురుగు, తెగులు

ఉన్నట్టుండి జులై ఆగస్టుల్లో చెట్టు రెండు మూడు రోజుల్లో వాడిపోయి, ఎండిన ఆకులు రాలకుండా కొమ్మలకే వేలాడితే అది టెక్సాస్ రూట్ రాట్ కావచ్చు. పత్తి చేలలో పేరుపడ్డ వేరుకుళ్లు శిలీంధ్రం, క్షార నేలల్లో లోతుగా బతుకుతుంది. మందు నమ్మదగింది లేదు. అక్కడ మళ్లీ యాష్ నాటొద్దు. ఆ తెగులు ఏకదళ బీజాలను ముట్టదు, కాబట్టి ఖర్జూరం జాతి పెట్టుకోవచ్చు.

ఇప్పుడు టెక్సాస్ సంగతి. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే ఆకుపచ్చ లోహపు మెరుపు పురుగు ఆసియా నుంచి వచ్చి 2002లో మిషిగన్‌లో బయటపడింది. అర అంగుళం ఉంటుంది. దాని లార్వా బెరడు కింద వంకర టింకర సొరంగాలు తొలిచి చెట్టుకు నీళ్లు, ఆహారం అందకుండా చేస్తుంది. కొన్నేళ్లలో చెట్టు చస్తుంది. టెక్సాస్‌లో 2016లో కనిపించింది, 2018లో ఫోర్ట్‌వర్త్ ఉన్న టారంట్ కౌంటీకి చేరింది. అరిజోనా యాష్‌కు దీనితో పాత పగ ఉంది. ఉప్పు నేలలను తట్టుకుంటుందని చైనాలోని తియాన్‌జిన్‌లో ఈ చెట్టునే తెప్పించి నాటారు. అక్కడి సొంత యాష్ చెట్లను పెద్దగా బాధించని ఆ పురుగు ఈ అమెరికా చెట్ల మీద మాత్రం విరుచుకుపడింది. అందుకే డల్లాస్ వైపు కొత్తది నాటొద్దన్నాను.

మీరు కొన్న పాత ఇంట్లో యాష్ ఉంటే మాత్రం తొందరపడి కొట్టేయకండి. బెరడు మీద రంధ్రం ఆకారం చూడండి. ఒక పక్క చదునుగా, ఒక పక్క గుండ్రంగా, ఇంగ్లీషు ‘డి’ అక్షరంలా ఎనిమిదో వంతు అంగుళం ఉంటే అదే పురుగు. గుండ్రటి పెద్ద రంధ్రమైతే వేరే తొలుచు పురుగు. అది సాధారణంగా ఇప్పటికే దాహంతోనో ఎండదెబ్బతోనో ఉన్న చెట్టుకు పడుతుంది, నీళ్ల సంగతి సరిచేయండి. పైకొమ్మలు పలచబడటం, కాండం మధ్యలోంచి కొత్త చిగుళ్లు గుంపుగా రావడం, వడ్రంగిపిట్టలు బెరడు చెక్కడం కూడా ఆనవాళ్లే. గొడుగులో మూడో వంతు కూడా ఎండకముందైతే ఎమామెక్టిన్ బెంజోయేట్ అనే పురుగుమందును కాండంలోకి ఎక్కించి కాపాడొచ్చు. రెండు మూడేళ్లకొకసారి చేయించాలి. అంతకు మించి ఎండితే ఖర్చు దండగ. చెట్టును ఐఎస్‌ఏ (చెట్ల సంరక్షకుల అంతర్జాతీయ సంఘం) ధ్రువీకరణ ఉన్న ఆర్బరిస్టుకు, అంటే చెట్ల నిపుణుడికి చూపించండి. నరికే పనికి మాత్రమే ధర చెప్పే మనిషిని అడిగితే నరకమనే చెబుతాడు.

కొట్టించక తప్పకపోతే కట్టెలను అక్కడికక్కడే ముక్కలు చేయించండి. క్యాంపింగ్‌కు బాగుంటాయని కారు డిక్కీలో వేసుకుని వేరే ఊరు పట్టుకెళ్లకండి, ఈ పురుగు ఇంత దూరం పాకింది చాలావరకు అలాంటి వంటచెరకు మోపులతోనే. మొద్దు తీయించిన చోట మూడు అడుగుల ఊచ గుచ్చి చూసి, పదును ఎంతుందో తెలుసుకున్నాకే తర్వాతి చెట్టు గురించి ఆలోచించండి.